చూపిన భాగంలో

గుండాలపాడు
18 జనవరి 2024

తమ్ముడూ ఇమ్మాను,

ఫోన్లో నువ్వు "ఆ... ఊ... సరే అక్కా" తప్ప ఏమీ అనవు. పైగా మా క్వార్టర్స్‌లో సిగ్నల్ అందాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. అందుకే డ్యూటీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఈ ఉత్తరం కొడుతున్నాను. తప్పులుంటే నవ్వుకో. జవాబు మాత్రం పొడుగ్గా రాయాలి. నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నానని మొదట్లోనే రాసేస్తున్నా, చివరికి వచ్చేసరికి మరచిపోతాను.

మా మిషన్ ఆసుపత్రికి సీటీ స్కాన్ మెషిన్ వచ్చింది. ఎవరో వాడి దానమిచ్చిందే అయినా మాకు పెళ్లికూతురు వచ్చినంత సంబరం. బొమ్మలు తీసేది ఎల్లేశం. వాటిని చదివే డాక్టరు మా దగ్గర లేరు కనుక బొమ్మలు నెట్ మీద హైదరాబాదు పోతాయి. అక్కడ డాక్టర్ సెలీనా అనే ఆవిడ చూసి రిపోర్టు పంపుతుంది. మొన్న ఎల్లేశం స్క్రీన్ మీద కంపెనీ పేరు చూపిస్తే నేను అరిచినంత పని చేశాను. అది నువ్వు పనిచేసే కంపెనీ!

"మీ తమ్ముడా సిస్టరమ్మా? గట్లయితే జర చెప్పుండ్రి, బొమ్మలు పోతనే లేవు" అన్నాడు ఎల్లేశం.

అతను అన్నది నిజం. ఇక్కడి లైను సన్నం. ట్రాక్టరు మీంచి పడ్డ ఒకాయనకు తల స్కాన్ తీస్తే, ఆ బొమ్మలు హైదరాబాదు చేరేలోపే ఇంటివాళ్లు విసిగిపోయి మనిషిని ఆటోలో వేసుకుని ఖమ్మం వెళ్లిపోయారు. బెంచీల మీద జనం పడిగాపులు పడుతుంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. నువ్వు ఏమైనా చెయ్యగలవా?

మీ బావ బాగున్నాడు. గాలికి ఎక్కడ తీగ తెగినా ఫోన్ ఈయనకే. "మీ తమ్ముడు ఆ కంప్యూటర్ల ఏం పని చేస్తడే? లైన్‌మన్ అంటే స్తంభమెక్కుతడు. వాడేమెక్కుతడు?" అని అడుగుతున్నాడు. రాస్తే చదివి వినిపిస్తా.

నీ అక్క
పుణ్యవతి


పుప్పాలగూడ
11 ఫిబ్రవరి 2024

అక్కా,

పొడుగ్గా రాయమన్నావు కదా, ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చున్నాను. మా అపార్ట్‌మెంటు కింద ఇంకా పాత ఊరివాళ్ల గేదెలున్నాయి. పాలు పోసే పెద్దమ్మ క్యాను పట్టుకుని లిఫ్టులో పైకి వస్తుంది. "మీ డబ్బల నిలబడితే నా పానం గాల్లకి పోతది సారూ" అంటుంది. ఆవిడ పొలంలోనే ఈ టవర్లు లేచాయట.

బావ ప్రశ్నకు జవాబు: నేను మూటలు కడతాను. మీ ఆసుపత్రి కంప్యూటర్ ఇక్కడి కంప్యూటర్‌కి ఒక ఉత్తరం రాస్తుంది. అందులో రోగి పేరు, వయసు, ఊరు ఉంటాయి. అవన్నీ అక్షరాలు. దానితోపాటే బొమ్మలూ పోవాలి. బొమ్మ అక్షరం కాదు, మెషిన్‌కు మాత్రమే అర్థమయ్యే గుర్తుల రాశి. దాన్ని ఉన్నదున్నట్టు ఉత్తరంలో పెడితే చదివే కంప్యూటర్ తికమకపడుతుంది. అందుకని బొమ్మనంతా అక్షరాల్లోకి మార్చి పంపి, ఇక్కడ మళ్లీ బొమ్మను చేస్తాం. ఇలా మార్చినప్పుడు మూడు గంపల సరుకు నాలుగు గంపలవుతుంది. ఆ నాలుగో గంపే మీ సన్నటి లైను మీద బరువు.

నీ ఉత్తరం చదివి మా మేనేజరు సాయిచంద్ దగ్గరికి వెళ్లాను. "మార్చడం మానేద్దాం, బొమ్మలను ఉన్నవి ఉన్నట్టే పంపుదాం, చదివేవైపు కూడా దానికి తగ్గట్టు సర్దుతాను. ఒక్కో బొమ్మ అయ్యాక ఒక ముద్ర, మొత్తం అయ్యాక ఇంకో ముద్ర. ఆ ముద్రలు ముందునుంచీ ఉన్నవే" అన్నాను. సాయిచంద్‌కు నచ్చింది. నిన్నటి నుంచి మీ ఆసుపత్రిలాంటి చిన్న ఆసుపత్రులన్నింటికీ కొత్త పద్ధతి పెట్టాం. సోమవారం ఎల్లేశాన్ని అడిగి చూడు.

ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. కానీ నేను చేసింది నీ బెంచీల కోసం. బావకు చెప్పు, నేనూ ఒక రకం లైన్‌మన్‌నే.

నీ తమ్ముడు
ఇమ్మాన్యుయేల్


గుండాలపాడు
3 ఏప్రిల్ 2024

నా బంగారు తమ్ముడూ,

ఎల్లేశం నీకు దండం పెడుతున్నాడు. బొమ్మలు ఇప్పుడు చకచకా పోతున్నాయి. సూపరింటెండెంట్ గారు ప్రార్థన కూడికలో నీ పేరు చెప్పి స్తోత్రం చేయించారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను గానీ, లోపల ఒళ్లంతా పొంగిపోయింది.

ఈస్టర్ ఆరాధనలో మీ బావ చివరిదాకా నిలబడలేకపోయాడు. నడుము పైన, వెన్నులో నొప్పి. చలికాలం నుంచే ఉందట, నాతో అనలేదు. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడుతోంది, అన్నం సగం వదిలేస్తున్నాడు. బతిమాలి స్కాన్‌కు పడుకోబెట్టాను. చొక్కా గుండీలు పెట్టుకుని బయటికొచ్చి టీ తాగేలోపే రిపోర్టు వచ్చింది ఇమ్మాను! అందులో "చూపిన భాగంలో లోపం లేదు" అని ఉంది. నేను కుర్చీలో కూలబడి ఏడ్చేశాను, అంత భయపడ్డాను మరి. మా డాక్టరు గారు, "స్తంభాలెక్కే పని కదా, కండరాలు పట్టేశాయి" అని మాత్రలు, బెల్టు రాశారు. ఫిల్ములు కవరులో పెట్టి బీరువా మీద పడేశాం.

"మీ తమ్ముడేసిన రోడ్డు మీద నా ఎన్నుపూస పట్నం పోయొచ్చింది" అని మీ బావ అందరికీ చెప్పుకుంటున్నాడు.

నువ్వు ఎప్పుడొస్తావు?

అక్క


పుప్పాలగూడ
26 మే 2024

అక్కా,

ఆలస్యానికి తిట్టుకో. కొత్తగా పెద్ద ఆసుపత్రుల పని మీద పడింది. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకు, ఆఫీసు నుంచి మళ్లీ మెట్రోకు. మధ్యలో ఆకాశం ఏ రంగులో ఉందో కూడా తెలియడం లేదు.

బావకు ఏమీ లేదని తెలిసి ప్రాణం కుదుటపడింది. అయినా బెల్టు పెట్టుకుని స్తంభాలెక్కొద్దని చెప్పు. వానాకాలం మొదట్లో వస్తాను.

ఇమ్మాను


గుండాలపాడు
29 ఆగస్టు 2024

ఇమ్మాన్యుయేల్,

వానాకాలం సగమయింది. నువ్వు రాలేదు. నేనూ రాయలేదు, రాయడానికి చెయ్యి ఆడలేదు.

మీ బావ కాళ్లు పడిపోయాయి. పెరట్లో ముఖం కడుక్కుంటూ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కిందికి జారాడు. "పుణ్యా, నా కాళ్లేడ ఉన్నయే?" అన్నాడు. చేత్తో తొడను గిల్లుకుంటున్నాడు, తెలియడం లేదు. జీపు మాట్లాడుకుని ఖమ్మం తీసుకెళ్లాం. బీరువా మీది ఫిల్ముల కవరు కూడా పట్టుకెళ్లాను. అక్కడి పెద్ద డాక్టరు ఒక్కో ఫిల్ము కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. కిందివెన్ను ఫిల్ము దగ్గర ఆగి నన్ను పిలిచాడు.

"ఇది కొత్తగా వచ్చింది కాదు తల్లీ. అప్పటికే ఉంది, చూడు, ఇక్కడ ఎముక తినేసింది. వెన్నుకు క్షయ. ఆ రోజే మందులు మొదలుపెడితే మాత్రలతో పోయేది. ఎవరు చూశారిది?"

ఎవరు చూశారు! నాకే కనబడింది తమ్ముడూ, నర్సుకు! చెద పట్టిన దూలంలా ఉంది. ఏసీ గదిలో కూర్చుని ఆ సెలీనా ఏం చూసింది? "చూపిన భాగంలో లోపం లేదు" అని రాసింది, తప్పించుకునే మాట. ఇరవై ఏళ్లుగా రోగుల దగ్గర నిలబడుతున్నాను, ఇంత నిర్లక్ష్యం చూడలేదు. సూపరింటెండెంట్ గారి చేత ఫిర్యాదు రాయించాను. ఆవిడను మా ఆసుపత్రి పని నుంచి తీసేశారు. చాలదు. ఇంకెక్కడా ఆవిడ బొమ్మలు చూడకుండా చెయ్యాలి. మీ కంపెనీలో నువ్వు కూడా చెప్పు.

బావకు ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. చేసినా నడుస్తాడని చెప్పలేమంటున్నారు. పొద్దుటి నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పుణ్యవతి


పుప్పాలగూడ
1 సెప్టెంబరు 2024

అక్కా,

ఒక విషయం వెంటనే కనుక్కుని రాయి. ఆ రోజు ఎల్లేశం బావవి మొత్తం ఎన్ని బొమ్మలు పంపాడు? మెషిన్‌లో ఆ లెక్క ఉంటుంది. డాక్టర్ సెలీనా రిపోర్టులో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు చూశానని రాశారు? కింది ఎముకల పేర్లు అందులో ఉన్నాయా? ఆ కాగితం ఫోటో తీసి పంపు. తొందరగా.

ఇమ్మాను


గుండాలపాడు
10 సెప్టెంబరు 2024

ఇమ్మాను,

బావ ఎలా ఉన్నాడని ఒక్క మాట లేదు నీ ఉత్తరంలో. చదివి మనసు చివుక్కుమంది. కానీ మరుసటి రోజు నీ ప్రశ్నలోని తెలివి అర్థమయింది, నీ మీది కోపం పోయింది. నువ్వే మాకు దొంగను పట్టిచ్చావు.

రిపోర్టు తీసి చూస్తే అందులో పైవెన్ను ఎముకల పేర్లే ఉన్నాయి. కిందివి లేనే లేవు. నీ ఉత్తరం సూపరింటెండెంట్ గారికి చూపించాను. ఆయన ఎల్లేశాన్ని పిలిచి, "సగం బొమ్మలే పంపి చేతులు దులుపుకున్నావా?" అని అడిగారు. ఎల్లేశం ఏడ్చాడు. "అన్నీ పంపిన సారూ, నా బిడ్డ మీద ఒట్టు. పోయినయని మెషినే చూపిచ్చింది" అన్నాడు. మెషిన్‌లో లెక్క అన్నీ పోయినట్టే చూపిస్తోంది గానీ, దాన్ని ఎవరు నమ్ముతారు? హైదరాబాదు కంపెనీ ఇంజనీరే అనుమానపడి అడిగాడు కదా అన్నారు. పని నుంచి తీసేశారు. క్వార్టర్ ఖాళీ చేస్తుంటే అతని భార్య మా గుమ్మం ముందు నిలబడి నన్ను చూసింది. నేను తలుపు వేసుకున్నాను.

ఆ సెలీనాకు కూడా సగం బొమ్మలు చూసి ఊరుకోకూడదనే బుద్ధి ఉండాలి. ఇద్దరూ ఇద్దరే.

బావను ఆపరేషన్‌కు ఎక్కడికి తీసుకెళ్లాలో ఇంకా తేలలేదు. నువ్వు ఒక్కసారి వస్తే ఆయన గోడవైపు నుంచి ఇటు తిరుగుతాడేమో.

అక్క


పుప్పాలగూడ
14 సెప్టెంబరు 2024

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన ఎవరినైనా ఉంచుకో.

ఎల్లేశం దొంగ కాదు. అన్ని బొమ్మలూ పంపాడు. డాక్టర్ సెలీనా అశ్రద్ధ చెయ్యలేదు. ఆవిడకు చేరినవన్నీ చూసింది, చూసినంతవరకే రాసింది. మధ్యలో బొమ్మలను పోగొట్టింది నేను.

మొత్తం అయ్యాక ఒక ముద్ర ఉంటుందని రాశాను కదా. నాలుగు గుర్తుల ముద్ర. అది కనబడగానే ఇక్కడి కంప్యూటర్ "ఉత్తరం అయిపోయింది" అనుకుని మూసేస్తుంది. బొమ్మలను అక్షరాల్లోకి మార్చినంతకాలం ఆ ముద్ర లోపల ఎక్కడా రావడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ అక్షరాల్లో ఆ గుర్తులే లేవు. మార్చడం దండగని నేను అనుకున్నాను. కానీ అది కాపలా. మార్చకుండా పంపే బొమ్మలో ఏ గుర్తయినా, ఏ వరసలోనైనా రావచ్చు. బావ వెన్నుపూస బొమ్మలో ఒకచోట సరిగ్గా ఆ నాలుగు గుర్తులూ ఆ వరసలోనే వచ్చాయి. పాస్టరు గారు ప్రార్థన మధ్యలో "ఆమెన్" అన్న మాటున్న వాక్యం చదివితే, అయిపోయిందనుకుని జనం లేచి ఇళ్లకు పోయినట్టు. కంప్యూటర్ అక్కడే ఆగింది. మిగతావాటిని పారేసింది. ఎల్లేశానికి మాత్రం "చేరింది" అని చెప్పింది.

ఎన్ని బొమ్మలు వస్తున్నాయో ముందే ఒక అంకె రాసి పంపితే సరిపోయేది అక్కా. ఒక్క అంకె. వచ్చినవి తక్కువయితే వెంటనే తెలిసేది. అది రాయాలని నాకు తోచింది కూడా. సాయిచంద్‌తో అంటే, "లక్షల్లో ఒకసారి జరిగేదానికి ఇప్పుడెందుకు? ముందు ఇది పోనియ్యి" అన్నాడు. సరే అన్నాను. నువ్వు మెచ్చుకుంటావన్న తొందర నాది.

నీ మొదటి కోపపు ఉత్తరం రాగానే అనుమానం వచ్చింది. అందుకే మరో మాట లేకుండా ఆ ప్రశ్నలు రాశాను. బావ ఎలా ఉన్నాడని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ ప్రశ్న ఎల్లేశం మెడకు చుట్టుకుంటుందని ఊహించలేదు.

నిన్న సాయిచంద్‌కు అంతా చూపించాను. ఆ సాయంత్రానికే తప్పు సరిచేశాం. ఇన్నాళ్లు పోయిన బొమ్మల సంగతి ఆసుపత్రులకు చెబుదామన్నాను. తలుపు దగ్గరికి వేశాడు.

"ఇమ్మాన్యుయేల్, ఫిక్స్ వెళ్లిపోయింది కదా. ఇగ పాతవి తవ్వకు. కంపెనీ ఉండదు."

"మా బావ కాళ్లు పోయినయ్ అన్నా."

కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు. తర్వాత, "నీ బాధ నాకు సమజవుతుంది. కానీ ఈ ఫ్లోర్ మీద ఎంతమంది కుటుంబాలున్నయ్, జర వాళ్లను గూడ చూడు. మెయిల్‌లో ఏమీ రాయకు" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అదే నాకు ఇంకా భయంగా ఉంది.

మీ సూపరింటెండెంట్ గారికి ఈ రోజే విడిగా రాశాను, ఎల్లేశం తప్పు లేదని, తప్పు మాదేనని, నా పేరు పెట్టి. నువ్వు బెంచీల గురించి రాసినందుకు ఇలా జరిగిందని మాత్రం అనుకోకు. అడిగినవాళ్లది తప్పు కాదు.

బావకు నువ్వే చెప్పాలి. నన్ను రమ్మంటే ఇప్పుడే బయల్దేరతాను.

ఇమ్మాను


పుప్పాలగూడ
20 అక్టోబరు 2024

అక్కా,

నీ జవాబు లేదు. మూడుసార్లు రాశాను. ఆసుపత్రికి ఫోన్ చేస్తే సెలవులో ఉన్నావన్నారు. ఎక్కడికి వెళ్లావో చెప్పలేదు. ఊరికి బయల్దేరి సూర్యాపేటలో దిగిపోయి వెనక్కి వచ్చేశాను. గుమ్మంలో నిలబడి ఏమని పిలవాలో తెలియలేదు.

పోయిన వారం ప్రగతి నగర్‌లో డాక్టర్ సెలీనా ఇంటికి వెళ్లాను. కాకినాడవైపు మనిషి, ఒంటరిగా ఉంటారు. మీ ఆసుపత్రి ఫిర్యాదు తర్వాత మిగతావాళ్లూ ఆవిడను పిలవడం మానేశారు. నేను చెప్పినదంతా విని, "అంటే ఆ బొమ్మలు నాకు రానే లేదాండీ?" అన్నారు. రాలేదన్నాను. "నా కళ్లకే ఏదో అయిందనుకున్నానండి. పరీక్ష చేయించుకున్నాను. మెదడుకేమైనా వచ్చిందేమోనని నా స్కాన్ నేనే తీయించుకున్నాను" అన్నారు. తిడతారని వెళ్లాను. తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "పైవెన్ను మాత్రమే ఎందుకు తీశారని నేనొక ఫోన్ చేసుండాల్సిందండి. మీరింక వెళ్లండి" అన్నారు. మెట్లు దిగి చెరువుగట్టు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

అన్ని ఆసుపత్రులకూ నేనే ఉత్తరాలు రాశాను. రెండు ఆసుపత్రులు జవాబిచ్చాయి. మిగతావి కంపెనీని అడిగాయి, అలాంటిదేమీ లేదని కంపెనీ చెప్పింది. నన్ను గేటు దగ్గరే కార్డు తీసుకుని పంపించేశారు. దానికి నాకు బాధ లేదు.

బయటికి రాకముందు, కంప్యూటర్ మధ్యలో ఆగిపోయిన ఉత్తరాలు ఏవో వెతికి చూశాను. మీ ఆసుపత్రివి రెండు. ఒకటి బావది. ఇంకొకటి కనకలక్ష్మి అనే ఆవిడది, తల స్కాన్, మార్చిలో తీసింది, ఊరు రేగులగూడెం. ఆవిడకు ఎవరైనా చెప్పాలి. మళ్లీ స్కాన్ తీయించాలి. నామీద కోపాన్ని ఆవిడ మీద చూపకు. నేను అడగగలిగింది ఇంతే.

నువ్వు చదువుతున్నావో లేదో తెలియకుండానే రాస్తున్నాను.

ఇమ్మాన్యుయేల్


గుండాలపాడు
8 డిసెంబరు 2024

ఇమ్మాను,

నీ ఉత్తరాలన్నీ చదివాను. సెప్టెంబరు ఉత్తరం మీ బావకు నేనే చదివి వినిపించాను. పూర్తయ్యాక, "ఇంకోసారి సదువు" అన్నాడు. చదివాను. "వానికి చెప్పకు, మనం పట్నం పోతున్నమని" అన్నాడు.

ఆపరేషన్ హైదరాబాదులోనే జరిగింది. అక్టోబరు అంతా మూసాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నాం. నువ్వు సూర్యాపేటలో దిగిపోయిన రోజున మేము నీకు మెట్రో దూరంలో ఉన్నాం. కూరగాయలకు వెళ్లినప్పుడు పైన రైలు పోతుంటే అందులో నువ్వున్నావేమోనని తలెత్తి చూసేదాన్ని. కబురు చెయ్యలేదు. చేస్తే ఆయన నా చేతి అన్నం కూడా మానేస్తాడని భయం. నిజం చెప్పాలంటే నాకూ మనసు రాలేదు. నువ్వు కనబడితే కొడతానో పట్టుకుని ఏడుస్తానో నాకే తెలియలేదు.

క్షయ ఆగింది. కాళ్లు రాలేదు. రావని మొన్న స్పష్టంగా చెప్పేశారు. ఆయన స్తంభాల గురించి మాట్లాడడం మానేశాడు. కరెంటు పోయినప్పుడు మాత్రం కిటికీవైపు చూస్తాడు.

ఎల్లేశం కోసం సూపరింటెండెంట్ గారు మనిషిని పంపారు. రాలేదు. కొత్తగూడెంలో ఏదో దుకాణంలో చేరాడట. "నేనేడ్సినప్పుడు నమ్మలే. గిప్పుడు కాయితమొస్తే నమ్మిన్రా?" అన్నాడట. నేను వెళ్లాను. ఇంట్లో ఉండి కూడా లేడని చెప్పించాడు. నువ్వు అడిగింది ఒక ప్రశ్న. దాన్ని నేరం చేసి మోసుకెళ్లింది నేను. డాక్టర్ సెలీనా గురించి నేను రాయించిన మాటలు నాకు నోటికి వచ్చు, మరచిపోదామన్నా పోవు.

నేను బెంచీల గురించి రాసినందుకు ఇలా జరిగిందని అనుకోవద్దన్నావు. అనుకుంటూనే ఉంటాను. నీకెందుకు దాచాలి?

మొన్న గురువారం రేగులగూడెం వెళ్లాను, కనకలక్ష్మిని వెతుక్కుంటూ. ఇల్లు దొరికింది. భర్త రామన్న మంచం మీద కూర్చుని తుమ్మపుల్లలు కట్టకడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి కుర్చీ వేశాడు. కనకలక్ష్మి ఏదని అడిగితే లోపలికి చూపించాడు. గోడ మీద ఫోటో ఉంది.

మిరపతోటలో ట్రాలీ మీంచి పడిందట. మన దగ్గర స్కాన్ తీసి ఏమీ లేదన్నారు. ఇంటికి తెచ్చుకున్నారు. ఆ వారమే తలనొప్పి, తలనొప్పి అంటూ పడుకుని మళ్లీ లేవలేదు.

"దవాఖానల ఏం లేదన్నరు గద సిస్టరమ్మా. పెద్ద మిషిన్ల గూడ సూసిన్రు. ఇగ దాని ఆయుష్షే గంత అనుకున్నం" అన్నాడు. "ఆ దినం మీరే దాని చెయ్యి పట్టుకోని మంచం దించిన్రు. మీ అసుంటి మనుషులు మంచిగుండాలె" అని నాకు చేతులు జోడించాడు.

నేను చెప్పలేకపోయాను ఇమ్మాను. నోరు తెరిచాను, మంచినీళ్లు అడిగాను. ఆయన చెంబు కడిగి నీళ్లు తెచ్చాడు. తాగి వచ్చేశాను. దారి పొడుగునా, ఆయన ఆయుష్షు అనుకుని ఓదార్చుకున్నాడు, ఎందుకు చెరపాలి అనుకున్నాను. ఇంటికొచ్చి బావ పక్క దులుపుతుంటే, మాకయితే నిజం తెలిసింది, ఆయనకెందుకు తెలియకూడదు అనిపించింది. రెండు రోజులుగా ఇదే.

ఒక్కదాన్ని చెప్పలేను. నువ్వు ఒక్కడివి చెబితే ఆయనకు అర్థం కాదు. వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకు రా. ఇంటికి మాత్రం రావద్దు. బావ ఇంకా నీ పేరు విననివ్వడం లేదు, నేను బలవంతం చెయ్యను. బస్టాండులో సోడా బండి పక్కన ఉంటాను. అన్నం డబ్బాలో తెస్తాను, అక్కడే తిందాం. తర్వాత ఆటోలో రేగులగూడెం వెళ్లి రామన్నకు చెబుదాం. ఆయన ఏమన్నా పడదాం. సాయంత్రం బస్సుకు నిన్ను ఎక్కించి నేను ఇంటికి వస్తాను.

చలిగా ఉంది, స్వెట్టరు వేసుకో.

అక్క